విమానంలో వచ్చే రోగం ఎక్కడ దొరుకుతుంది?

స్వైన్‌ఫ్లూ ఖండాలు దాటుతున్న 2009 మే నెలలో, భారతదేశంలో తొలి కేసు బయటపడింది హైదరాబాద్‌లోనే. న్యూయార్క్‌లో విమానమెక్కి దుబాయ్ మీదుగా శంషాబాద్‌లో దిగిన ఒక యువకుడిలో లక్షణాలు కనిపించడంతో అతణ్ణి విమానాశ్రయంలోనే ఆపి ఐసోలేషన్ వార్డుకు తరలించారు. పరీక్షలో హెచ్‌1ఎన్‌1 అని తేలింది. తనిఖీ ఎలా జరగాలని పుస్తకాల్లో రాసి ఉంటుందో అచ్చం అలాగే జరిగింది. అయినా ఆగస్టు 3న పుణేలో 14 ఏళ్ళ బాలిక ప్రాణాలు కోల్పోయి దేశంలో తొలి మరణం నమోదయ్యే నాటికి వైరస్ మన నగరాల్లో తిష్ఠ వేసేసింది. జ్వరంతో దిగిన ఒకడు దొరికాడు. జ్వరం ఇంకా మొదలవనివాళ్ళు అదే వరసలో నిలబడి, పాస్‌పోర్టు మీద ముద్ర వేయించుకుని, సామాను తీసుకుని ఇళ్ళకు వెళ్ళిపోయారు.

ప్రాణాంతక వ్యాధి ఎక్కడ తలెత్తినా జనం చూపు ముందుగా విమానాశ్రయం మీదే పడుతుంది. థర్మల్ కెమెరాలు పెట్టారా, ఫలానా దేశం నుంచి విమానాలు ఆపారా అని టీవీ చర్చలు మొదలవుతాయి. మంత్రులు విమానాశ్రయానికి వెళ్ళి ఏర్పాట్లు పరిశీలిస్తారు, ఫొటోలు వస్తాయి. కానీ గత పాతికేళ్ళలో విమానమెక్కి వచ్చిన రోగాల చరిత్ర తిరగేస్తే, ప్రాణాలు నిలబడ్డదీ పోయిందీ చాలాసార్లు విమానాశ్రయం గేటు దగ్గర కాదు. దిగిన మూడు నాలుగు రోజులకో, పది రోజులకో ఆ ప్రయాణికుడు జ్వరంతో నడిచి వెళ్ళిన ఆస్పత్రి ఓపీ దగ్గర.

నాలుగు గంటలు, ఇరవై ఒక్క రోజులు

దీనికి కారణం చిన్న లెక్కలో ఉంది. ఒంట్లోకి క్రిమి చేరినప్పటి నుంచి లక్షణాలు బయటపడేదాకా కొంత వ్యవధి పడుతుంది. ఫ్లూకి ఒకటి నుంచి నాలుగు రోజులు. 2003లో ప్రపంచాన్ని వణికించిన ఊపిరితిత్తుల వ్యాధి సార్స్‌కి రెండు నుంచి పది. దానికి చుట్టమైన, గల్ఫ్ ప్రాంతపు మెర్స్‌కి రెండు నుంచి పద్నాలుగు. ఆఫ్రికాలో తలెత్తే ప్రాణాంతక జ్వరాలు ఎబోలా, మార్బర్గ్‌లకు రెండు నుంచి ఇరవై ఒకటి. హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి విమానం నాలుగు గంటలు, అమెరికాకు మధ్యలో ఆగేదంతా కలుపుకున్నా ఒకటిన్నర రోజు. అంటే రోగం సోకినవాడు ప్రయాణమంతా ఆరోగ్యంగానే ఉండి, ఆరోగ్యంగానే దిగిపోవడానికి కావలసినంత వ్యవధి ఉంది.

ఓడల కాలంలో ప్రయాణమే క్వారంటైన్‌గా పనిచేసేది. కలకత్తా నుంచి ఫిజీకి, మద్రాసు నుంచి మారిషస్‌కి కూలీలను తీసుకెళ్ళిన తెరచాప ఓడలు వారాలూ నెలలూ నడిచేవి. మశూచి వస్తే సముద్రం మీదే బయటపడేది, రేవు చేరేసరికి ఎవరు రోగులో ఎవరు కాదో తేలిపోయేది. ఆవిరి ఓడలు వచ్చాక ఆ వ్యవధి తగ్గింది. 1918 ఇన్‌ఫ్లూయెంజా బొంబాయి రేవులో దిగి రైళ్ళెక్కి దేశంలో కోటి మందికి పైగా ప్రాణాలు తీసింది. జెట్ విమానాలు ఆ కాస్త వ్యవధినీ తుడిచేశాయి. 2019లో ప్రపంచవ్యాప్తంగా విమానాల్లో తిరిగిన ప్రయాణికుల లెక్క దాదాపు 450 కోట్లు.

దిర్క్ బ్రాక్‌మన్, దిర్క్ హెల్బింగ్ అనే శాస్త్రవేత్తలు 2013లో ఒక ఆసక్తికరమైన సంగతి చూపించారు. అంటువ్యాధి ఏ ఊరికి ఎప్పుడు చేరుతుందో కిలోమీటర్లతో అంచనా వేస్తే తప్పుతుంది. ఆ రెండు ఊళ్ళ మధ్య ఎంతమంది తిరుగుతున్నారో దాన్ని బట్టి దూరం కొలిస్తే లెక్క సరిపోతుంది. ఆ కొలతలో చూస్తే జగిత్యాలకు బస్తర్ దూరం, దుబాయ్ దగ్గర. కడప జిల్లా పల్లెలకు, కోనసీమకు కువైట్ పక్క వీధి. ఉద్యోగాలకు గల్ఫ్‌కీ, చదువులకు అమెరికాకీ ఇంతమందిని పంపుతున్న తెలుగు నేలకు ఈ పటం గోడమీద వేలాడే పటం కన్నా ముఖ్యం.

పక్క సీటు భయం

మరి విమానంలో పక్కన కూర్చున్నవాడి సంగతి? చాలామంది భయం అదే. ఆ గొట్టంలో అందరూ ఒకే గాలి పీలుస్తారు కదా అని.

ఆ గాలి అనుకున్నంత చెడ్డది కాదు. ఆధునిక విమానాల్లో క్యాబిన్ గాలి గంటకు ఇరవై నుంచి ముప్పై సార్లు మారుతుంది. అందులో దాదాపు సగం బయటి గాలి, మిగతా సగం హెపా ఫిల్టర్ల గుండా తిరిగి వస్తుంది. అవి అతి సూక్ష్మమైన కణాల్లో 99.97 శాతాన్ని పట్టేస్తాయి. పైగా గాలి పైనుంచి పడి అదే వరుసలో కాళ్ళ దగ్గర బయటికి పోతుంది, విమానం పొడవునా ప్రవహించదు. మన సిటీ బస్సులోనో, సినిమా హాల్లోనో ఇంత శుభ్రమైన గాలి దొరకదు.

కానీ ఇదంతా యంత్రం నడుస్తున్నప్పటి మాట. 1977లో అలాస్కాలో 54 మందితో ఉన్న ఒక విమానం టేకాఫ్ ప్రయత్నంలో ఇంజిన్ మొరాయించి మూడు గంటలు నేలమీదే ఆగిపోయింది. గాలి సరఫరా నిలిచిపోయింది. ప్రయాణికుల్లో ఎక్కువమంది లోపలే కూర్చున్నారు. వాళ్ళలో ఒకరికి ఫ్లూ ఉంది. మూడు రోజులు తిరిగేసరికి ప్రయాణికుల్లో 72 శాతం మంది దగ్గుతో, జ్వరంతో పడకేశారు. లోపల ఎక్కువసేపు కూర్చున్నవాళ్ళకు ఎక్కువగా సోకింది, దిగి బయట తిరిగినవాళ్ళకు తక్కువ. వైద్య గ్రంథాల్లో ఇప్పటికీ ఉదహరించే ఘటన ఇది. ఆలస్యమైన విమానంలో ఏసీ ఆపేసి కూర్చోబెట్టినప్పుడు ప్రయాణికులు గొడవ చేస్తే, అది ఉక్కపోత గురించి మాత్రమే కాదన్నమాట.

గాలి బాగా ఆడుతున్నా కొన్నిసార్లు లెక్క తప్పుతుంది. 2003 మార్చి 15న హాంకాంగ్ నుంచి బీజింగ్ వెళ్ళిన ఎయిర్ చైనా 112 విమానంలో 72 ఏళ్ళ వృద్ధుడు సార్స్‌తో కూర్చున్నాడు. ప్రయాణం మూడు గంటలే. విమానంలో ఉన్న 120 మందిలో 22 మందికి అంటుకుంది, ఐదుగురు చనిపోయారు. అతనికి ఏడు వరుసల ముందు కూర్చున్నవాళ్ళకూ సోకింది. ఇద్దరు విమాన సిబ్బంది దాన్ని ఇన్నర్ మంగోలియాకు మోసుకెళ్ళారు. అదే పరిశోధకులు పరిశీలించిన ఇంకో విమానంలో లక్షణాలున్న సార్స్ రోగులు నలుగురున్నారు, కానీ మహా అయితే మరొక్కరికే సోకి ఉంటుందని తేలింది. ఒకే వ్యాధిలో ఇంత తేడా. 2020 మార్చి 1న లండన్‌లో బయల్దేరి మర్నాడు హనోయి చేరిన విమానంలో కోవిడ్ బిజినెస్ క్లాసులోనే 12 మందిలో బయటపడింది. పది గంటల ప్రయాణం, అప్పటికి మాస్కుల నియమం లేదు.

కాబట్టి పక్క సీటు ముప్పు నిజమే. అయితే వ్యాధి ఒక దేశంలో వేళ్ళూనుకోవడానికి విమానంలో అంటుకున్న ఆ కొద్దిమందే అక్కర్లేదు. ఎక్కేముందే సోకి, కులాసాగా దిగిన ఒక్కరు చాలు. సార్స్‌నే తీసుకుంటే, 2003 ఫిబ్రవరి 21న గ్వాంగ్‌డాంగ్ నుంచి వచ్చిన ఒక వైద్యుడు హాంకాంగ్‌లోని మెట్రోపోల్ హోటల్ తొమ్మిదో అంతస్తులో దిగాడు. అక్కడ అంటించుకున్న అతిథులు హనోయికీ, సింగపూర్‌కీ, టొరంటోకీ విమానాలెక్కారు. వ్యాధి అంటించింది హోటల్ వరండా, విమానం చేసింది రవాణా. ఆ ఏడాది ఎనిమిది వేల పైచిలుకు మందికి సార్స్ సోకగా 774 మంది చనిపోయారు.

కెమెరా చూడనిది

అప్పుడే థర్మల్ కెమెరాలు మొదటిసారి పెద్దఎత్తున రంగంలోకి దిగాయి. కెనడా విమానాశ్రయాల్లో లక్షలమందిని పరీక్షించారు. వాటిద్వారా దొరికిన సార్స్ రోగి ఒక్కడూ లేడు. 2014లో పశ్చిమాఫ్రికాలో ఎబోలా చెలరేగినప్పుడు గినీ, లైబీరియా, సియెర్రా లియోన్‌లలో విమానం ఎక్కేముందే ఉష్ణోగ్రత చూడటం మొదలుపెట్టారు. తొలి రెండు నెలల్లో దాదాపు 36 వేల మందిని చూసి 77 మందిని ఆపేశారు. వాళ్ళలో ఎవరికీ ఎబోలా ఉన్నట్టు తేలలేదు, చాలామందిది మలేరియా జ్వరం.

దీన్ని బట్టి తనిఖీలు దండగ అనేయడం తొందరపాటు. ఒంట్లో బాగాలేనివాడు తనిఖీ ఉందని తెలిస్తే ప్రయాణం మానుకుంటాడు, ఆ లాభం లెక్కకు అందదు. ఎక్కేచోట చూడటం దిగేచోట చూడటం కన్నా మేలన్నది కూడా సమంజసమే, ఎందుకంటే ఒక విమానాశ్రయంలో చేసే పని వంద విమానాశ్రయాల పనిని తగ్గిస్తుంది. కానీ ఒక పారాసిటమాల్ బిళ్ళ ముందు ఓడిపోయే యంత్రం మీద దేశ రక్షణ భారమంతా పెట్టలేం.

మన దగ్గరే చూద్దాం. 2020 జనవరి 18 నుంచి చైనా ప్రయాణికులకు స్క్రీనింగ్ మొదలైంది. మార్చి నాలుగో వారంలో అంతర్జాతీయ విమానాలు ఆగిపోయేలోపు 15 లక్షల మందికి పైగా విదేశాల నుంచి దిగారు. వచ్చినవాళ్ళ సంఖ్యకూ రాష్ట్రాలు నిఘాలో ఉంచినవాళ్ళ సంఖ్యకూ పొంతన లేదని కేంద్ర కేబినెట్ కార్యదర్శే ఆ నెలాఖరులో రాష్ట్రాలకు లేఖ రాశారు. గేటు దగ్గర నుదుటికి తుపాకీలాంటి థర్మామీటర్ గురిపెట్టిన వ్యవస్థ, ఆ మనిషి గేటు దాటాక ఏ ఊరు వెళ్ళాడో పట్టించుకోలేకపోయింది.

ఒకే ఊరి నుంచి ఇద్దరు

ఆస్పత్రి ఓపీ ఎంత పని చేయగలదో, ఎంత నష్టం తేగలదో చూడాలంటే 2014లో లైబీరియా రాజధాని మన్రోవియా నుంచి బయల్దేరిన ఇద్దరి కథ పక్కపక్కన పెట్టాలి.

మొదటి వ్యక్తి లైబీరియా ఆర్థిక శాఖలో సలహాదారు. జూలై 20న మన్రోవియాలో విమానమెక్కి టోగో రాజధాని లోమే మీదుగా నైజీరియాలోని లాగోస్ చేరాడు. కలబార్‌లో జరిగే పశ్చిమాఫ్రికా దేశాల సమావేశానికి వెళ్ళాలి. అప్పటికే జబ్బుగా ఉన్నాడు, లాగోస్ విమానాశ్రయంలోనే కుప్పకూలాడు. ప్రభుత్వ వైద్యులు సమ్మెలో ఉండటంతో ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్ళారు. తనకు మలేరియా అన్నాడు, ఎబోలా రోగులెవరినీ కలవలేదన్నాడు. మలేరియా మందుకు జ్వరం లొంగలేదు. డాక్టర్ అమేయో స్టెల్లా అడడెవో మళ్ళీ మొదటినుంచీ అడిగింది: ఎక్కడి నుంచి వచ్చావు, అక్కడ ఏం జరుగుతోంది? నైజీరియాలో అంతకుముందు ఒక్క ఎబోలా కేసూ లేదు. అయినా ఆమె అనుమానించి, నమూనాలు పంపి, అతణ్ణి విడిగా ఉంచింది. సమావేశానికి వెళ్ళాలి, డిశ్చార్జి చేయండని పైనుంచి ఒత్తిడి వచ్చింది. ఆమె ఒప్పుకోలేదు. రెండు కోట్ల జనాభా ఉన్న నగరంలోకి అతణ్ణి వదల్లేదు. జూలై 25న అతను చనిపోయాడు. ఆగస్టు 19న ఆమె కూడా అదే వ్యాధితో చనిపోయింది.

ఆ తర్వాత నైజీరియా చేసిన పని ప్రజారోగ్య చరిత్రలో నిలిచిపోయింది. పోలియో నిర్మూలన కోసం అప్పటికే నడుస్తున్న అత్యవసర కేంద్రాన్నీ సిబ్బందినీ రాత్రికి రాత్రి ఎబోలా వైపు మళ్ళించారు. దాదాపు తొమ్మిది వందల మంది కాంటాక్టులను గుర్తించి, 21 రోజులపాటు ఇంటింటికీ వెళ్ళి జ్వరం చూశారు. అలా వెళ్ళిన విడతలు పద్దెనిమిది వేలకు పైమాటే. కాంటాక్టుల్లో ఒకడు తప్పించుకుని పోర్ట్ హార్‌కోర్ట్ వెళ్ళి అక్కడ ఒక వైద్యుడికి అంటించినా, ఆ గొలుసునూ తెంచారు. మొత్తం 20 కేసులు, 8 మరణాలు. అక్టోబర్ 20న నైజీరియాను ఎబోలా రహితంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. అదే వ్యాధి గినీ, లైబీరియా, సియెర్రా లియోన్‌లలో 11 వేల మందికి పైగా ప్రాణాలు తీసిందని గుర్తుంచుకుంటే, ఒక డాక్టర్ వేసిన ప్రశ్న ఖరీదు తెలుస్తుంది.

రెండో వ్యక్తి సెప్టెంబర్ 19న మన్రోవియాలో విమానమెక్కాడు. ఎక్కేముందు ఉష్ణోగ్రత చూశారు, మామూలుగానే ఉంది. అందులో మోసమేమీ లేదు, రోగం ఇంకా బయటపడలేదు. బ్రస్సెల్స్, వాషింగ్టన్‌ల మీదుగా మర్నాడు డల్లాస్ చేరాడు. సెప్టెంబర్ 25 రాత్రి జ్వరం, కడుపునొప్పితో ఒక పెద్ద ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్ళాడు. ఆఫ్రికా నుంచి వచ్చానని చెప్పాడు, నర్సు అది రికార్డులో రాసింది కూడా. రాసిన మాట నిర్ణయం తీసుకునేవాళ్ళ బుర్రకెక్కలేదు. యాంటీబయాటిక్ ఇచ్చి ఇంటికి పంపారు. మూడు రోజుల తర్వాత అంబులెన్స్‌లో తిరిగొచ్చాడు. 30న నిర్ధారణ అయింది, అక్టోబర్ 8న చనిపోయాడు.

అతనితో ప్రయాణించిన ఎవరికీ ఎబోలా సోకలేదు. ఒకే ఇంట్లో ఉన్నవాళ్ళకూ సోకలేదు. సోకింది చికిత్స చేసిన ఇద్దరు నర్సులకు. ఎందుకంటే ఎబోలా లక్షణాలు మొదలయ్యేదాకా అంటదు, గాలిలో వ్యాపించదు. రోగం ముదిరేకొద్దీ వాంతులు, విరేచనాలు, రక్తంలో వైరస్ విపరీతంగా పెరుగుతుంది. ఆ సమయంలో మనిషి విమానంలో ఉండడు, ఆస్పత్రి మంచం మీద ఉంటాడు. అమెరికాలో అప్పుడు జరిగిన రచ్చంతా విమానాల గురించే. అమెరికా లాంటి దేశంలో, ప్రశ్న అడిగీ జవాబు రాసుకునీ రోగిని వెనక్కి పంపిన ఓపీ గురించి అంతకన్నా ఎక్కువ మాట్లాడుకోవాల్సింది.

దక్షిణ కొరియా ఈ పాఠాన్ని రెండుసార్లు రాసింది. 2015 మేలో గల్ఫ్ దేశాల నుంచి తిరిగొచ్చిన 68 ఏళ్ళ వ్యక్తి మెర్స్‌తో ఒక ఆస్పత్రి నుంచి మరో ఆస్పత్రికి తిరిగాడు. నిర్ధారణ అయ్యేసరికి తొమ్మిది రోజులు పట్టింది. కిక్కిరిసిన వార్డుల్లో, ఎమర్జెన్సీల్లో, చూడటానికొచ్చిన బంధువుల మధ్య అది పాకి 186 మందికి చేరింది, 38 మంది చనిపోయారు. 2018 సెప్టెంబర్‌లో కువైట్ నుంచి ఇంకొకరు మెర్స్‌తోనే దిగారు. జ్వరం లేదని విమానాశ్రయం ఈసారీ వదిలేసింది. కానీ అతను ముందే ఫోన్ చేసి ఆస్పత్రికి వెళ్ళాడు, వాళ్ళు రక్షణ దుస్తులు వేసుకుని విడి గదిలోకి తీసుకున్నారు. ఇంకెవ్వరికీ సోకలేదు. రెండుసార్లూ విమానాశ్రయం ఒకేలా విఫలమైంది, మారింది ఆస్పత్రి.

తలుపులు మూస్తే

అయితే కోవిడ్ విషయంలో ఈ వాదన అంత దూరం నిలవదు. లక్షణాలు రాకముందే అంటించే వ్యాధికి ఓపీ దగ్గర కాపలా కాస్తే ఆలస్యమైపోతుంది. సార్స్‌లో రోగి రెండో వారంలో ఎక్కువగా అంటించేవాడు, అప్పటికి ఆస్పత్రిలో ఉండేవాడు. కోవిడ్‌లో జ్వరం మొదలయ్యే వేళకే అంటించే శక్తి పతాక స్థాయిలో ఉంటుంది. అందుకే సార్స్ ఆగింది, కోవిడ్ ఆగలేదు. ఒక వ్యాధి ఎంతమందిని చంపుతుందన్నది ఎంత వేగంగా పాకుతుందో చెప్పదు. ఎబోలా, మార్బర్గ్ పేర్లు వింటే వణుకు పుడుతుంది, కానీ విమాన ప్రయాణానికి అచ్చంగా సరిపోయేది రోగి కాళ్ళమీద తిరుగుతూ అంటించే ఫ్లూ, కోవిడ్, తట్టు లాంటివి.

మరి సరిహద్దులు మూసేస్తే? ద్వీపాలకు, అదీ ముందుగా మూసుకున్నవాటికి పనిచేసింది. 1918లో అమెరికన్ సమోవా ఓడలను దూరంగా ఉంచి ఇన్‌ఫ్లూయెంజా మరణాలు లేకుండా బయటపడింది. పక్కనే ఉన్న పశ్చిమ సమోవా ఒక్క ఓడను రానిచ్చి జనాభాలో ఐదో వంతును పోగొట్టుకుంది. 2020లో సరిహద్దులు మూసి కోవిడ్‌ను నిలువరించిన న్యూజిలాండ్ సంగతి తెలిసిందే. మిగతా ప్రపంచానికి నిషేధం ఇచ్చేది కొద్ది రోజుల గడువు మాత్రమే. వుహాన్‌ను దిగ్బంధించడం చైనాలోని ఇతర ప్రాంతాల్లో వ్యాప్తిని మూడు నుంచి ఐదు రోజులు వెనక్కి నెట్టిందని ఒక ప్రముఖ అధ్యయనం లెక్కగట్టింది. ఆ గడువులో మంచాలు, కిట్లు, మాస్కులు సిద్ధం చేసుకున్నవాళ్ళకు లాభం. తలుపు మూశాం కదా అని నిద్రపోయినవాళ్ళకు సున్నా.

ఒమిక్రాన్‌తో ఇది మరీ కొట్టొచ్చినట్టు కనబడింది. 2021 నవంబర్ 24న దక్షిణాఫ్రికా కొత్త రకాన్ని గుర్తించి ప్రపంచానికి చెప్పింది. రెండు రోజుల్లో పాశ్చాత్య దేశాలు దాని విమానాలను ఆపేశాయి. తర్వాత చూస్తే నెదర్లాండ్స్‌లో నవంబర్ 19న తీసిన నమూనాలోనే ఒమిక్రాన్ ఉంది. డిసెంబర్ 2న భారత్ ప్రకటించిన తొలి రెండు కేసుల్లో ఒకరు బెంగళూరు వైద్యుడు. ఆయన విదేశాలకు వెళ్ళనేలేదు, పైగా ఆయన నమూనా దక్షిణాఫ్రికా ప్రకటనకు ముందే తీసింది. మంచి ల్యాబు ఉండి, నిజం దాచకుండా చెప్పిన దేశానికి దక్కింది శిక్ష.

ఆ శిక్ష రుచి మనకూ తెలుసు. 1994 సెప్టెంబర్‌లో సూరత్‌లో ప్లేగు వచ్చిందనగానే గల్ఫ్ దేశాలు సహా పలు దేశాలు భారత విమానాలను నిలిపేశాయి, సరుకులు వద్దన్నాయి. ప్రయాణ ఆంక్షలు అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నా వినలేదు. మరణాలు యాభై పైచిలుకు. విమానం ద్వారా వేరే దేశానికి ప్లేగు వెళ్ళిన ఉదంతం తేలలేదు. కోట్లాది డాలర్ల ఎగుమతి, పర్యాటక నష్టం మాత్రం తేలింది. 2005లో తిరగరాసి 2007 జూన్ నుంచి అమల్లోకి తెచ్చిన అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు, రోగం కనబడితే 24 గంటల్లో చెప్పాలనీ, అనవసరంగా రాకపోకలు ఆపకూడదనీ అన్నాయి. మొదటి షరతు పాటించిన దేశానికి రెండో షరతు రక్షణ ఇవ్వాలి. ఇవ్వడం లేదు. అలాంటప్పుడు రేపు కొత్త వైరస్ ఏ దేశంలోనో తలెత్తితే అక్కడి ఆరోగ్య మంత్రి ఫోనెత్తేముందు ఎంతసేపు ఆలోచిస్తాడో ఊహించవచ్చు.

విమానాశ్రయం గెలిచేచోటు

నిజానికి విమానాశ్రయం కట్టుదిట్టంగా ఉండి తీరాల్సిన వ్యాధి ఒకటుంది, దాని గురించి టీవీలో ఎవరూ మాట్లాడరు. ఎల్లో ఫీవర్. అది ఆఫ్రికా, దక్షిణ అమెరికాల్లో ఉంది, మన దగ్గర లేదు. కానీ దాన్ని మోసే ఈడిస్ ఈజిప్టై దోమ, అదే డెంగీ దోమ, మన ప్రతి పూలకుండీలోనూ ఉంది. వైరస్ ఒక్కసారి ఆ దోమకు చేరితే ఏమవుతుందో ఊహించడానికి ఏటా వానాకాలం చూసే డెంగీ వార్డులు చాలు.

ఇక్కడ తనిఖీ పనిచేయడానికి కారణాలున్నాయి. టీకా ఉంది, ఒక్క డోసు జీవితాంతం చాలు. కార్డు చూస్తే రోగనిరోధం ఉందో లేదో తెలుస్తుంది, జ్వరం కోసం వెతకనక్కర్లేదు. వ్యాధి బయటపడే గడువు ఆరు రోజులు మించదు కాబట్టి, కార్డు లేకుండా ఆ దేశాల నుంచి వచ్చినవాళ్ళను అన్ని రోజులు ఆపితే సరిపోతుంది. భారత్ ఈ విషయంలో ఎవరి మొహమాటానికీ పోదు. ఉగాండా, నైజీరియాలకు వెళ్ళే తెలుగువాళ్ళు బయల్దేరడానికి కనీసం పది రోజుల ముందే హైదరాబాద్ నారాయణగూడలోని ప్రభుత్వ టీకా కేంద్రం ఐపీఎంలోనో అలాంటి గుర్తింపు పొందిన కేంద్రంలోనో సూది వేయించుకుని పసుపుపచ్చ కార్డు తెచ్చుకునేది ఇందుకే. ఆ దేశాల నుంచి వచ్చే విమానాల్లో దోమల మందు కొట్టేది కూడా ఇందుకే. 2016లో అంగోలాలో ఎల్లో ఫీవర్ చెలరేగినప్పుడు అక్కడ పనిచేసే చైనా కార్మికులు 11 మంది దాన్ని ఒంట్లో పెట్టుకుని స్వదేశం చేరారు. ఆసియాకు ఆ వ్యాధి అలా రావడం అదే మొదటిసారి. అదృష్టం బాగుండి అక్కడ వ్యాపించలేదు.

దిగాక మొదలయ్యే ప్రయాణం

మిగతా వ్యాధుల విషయంలో విమానాశ్రయానికి ఉన్న అసలు పని పట్టుకోవడం కాదు, అప్పగించడం. ఎవరు వచ్చారు, ఏ ఊరు వెళ్తున్నారు, జ్వరం వస్తే ఎవరికి ఫోన్ చేయాలి అన్న మూడు సంగతులు జిల్లా వైద్యాధికారి బల్లమీదికి చేరాలి. డల్లాస్ అనుభవం తర్వాత అమెరికా ఇదే చేసింది. ఎబోలా దేశాల నుంచి వచ్చిన ప్రతి ఒక్కరికీ విమానాశ్రయంలోనే ఒక కిట్టు ఇచ్చారు. అందులో థర్మామీటర్, సెల్‌ఫోన్, 21 రోజులు రాసుకోవాల్సిన కాగితం. స్థానిక ఆరోగ్య శాఖ రోజూ పలకరించేది. ఖర్చు థర్మల్ కెమెరా కన్నా తక్కువ, ఫలితం ఎక్కువ.

తెలుగు రాష్ట్రాల తొలి కోవిడ్ కేసులు రెండూ ఇదే చెబుతాయి. 2020 మార్చి 2న తెలంగాణలో నిర్ధారణ అయిన సాఫ్ట్‌వేర్ ఇంజినీరు దుబాయ్ నుంచి బెంగళూరులో దిగి, బస్సులో హైదరాబాద్ వచ్చాడు. శంషాబాద్‌లో ఎన్ని కెమెరాలున్నా అతని దారి వేరు. గుర్తించింది ఆస్పత్రి. మార్చి 12న ఆంధ్రప్రదేశ్‌లో తొలి కేసుగా నమోదైన నెల్లూరు విద్యార్థి ఇటలీ నుంచి వచ్చాడు, అతని విషయంలోనూ ఆస్పత్రే. ఆ నెలలోనే కరీంనగర్‌కు వచ్చిన ఇండోనేషియా బృందం ఢిల్లీలో విమానం దిగి, రామగుండం దాకా రైల్లో ప్రయాణించింది. అంతర్జాతీయ విమానం ఆగేచోట రోగం ఆగదు, అక్కడ బస్సో రైలో ఎక్కుతుంది.

ఇక చెప్పుకోవాల్సింది భయం గురించి. 2022 జూలైలో యూఏఈ నుంచి కేరళ వచ్చిన ఒక యువకుడికి యూఏఈలో ఉండగానే మంకీపాక్స్ పాజిటివ్ వచ్చింది. ఆ రిపోర్టు త్రిస్సూర్‌లో చికిత్స చేస్తున్న వైద్యులకు ఆఖరి దశలోగానీ చేరలేదు. అతను చనిపోయాడు. ఎందుకు చెప్పలేదో అతనికే తెలుసు, కానీ గల్ఫ్‌లో పనిచేసేవాళ్ళ లెక్కలు తెలిసినవాళ్ళకు ఊహించడం కష్టం కాదు. రెండేళ్ళకోసారి దొరికే సెలవు, తీరని అప్పు, పోతే మళ్ళీ రాని వీసా. 2020 మార్చిలో విదేశాల నుంచి వచ్చినవాళ్ళ చేతులకు ముద్రలు వేసి పంపినప్పుడు, ఆ ముద్ర చూసి రైల్లోంచి దించేసిన వార్తలు, అపార్ట్‌మెంట్‌లోకి రానివ్వని వార్తలు అందరూ చదివారు. నిజం చెబితే బతుకు పాడవుతుందని తెలిసిన మనిషి డిక్లరేషన్ ఫారంలో అన్ని గళ్ళలోనూ "లేదు" అనే రాస్తాడు. క్వారంటైన్‌లో ఉంచిన రోజులకు కూలి, టికెట్ మార్చుకునే వీలు, ఊళ్ళో పేరు బయటపడదన్న హామీ ఇచ్చి చూస్తే ఆ ఫారం మీద వేరే జవాబులు కనబడతాయి.

దీనికి భిన్నంగా జరిగిన ఉదాహరణ కూడా మన దగ్గరే ఉంది. అదే 2022 జూలైలో కువైట్ నుంచి కామారెడ్డి జిల్లాకు వచ్చిన వ్యక్తికి ఒంటిమీద పొక్కులు వచ్చాయి. ఆస్పత్రికి వెళ్ళాడు. అనుమానించిన వైద్యులు హైదరాబాద్ ఫీవర్ ఆస్పత్రికి పంపారు, నమూనాలు పుణే వెళ్ళాయి. నెగెటివ్ వచ్చింది. వార్తగా రెండు రోజుల్లో మరుగున పడింది గానీ, ఒక వ్యవస్థ సరిగ్గా పనిచేయడమంటే అదే.

అయితే ఆ గొలుసులో ఒక లింకు మీద ఇంతవరకూ ఎవరూ చెయ్యి వేయలేదు. నిజామాబాద్, జగిత్యాల, కడప, కోనసీమ పల్లెల్లో గల్ఫ్ నుంచి వచ్చినవాడికి రాత్రి జ్వరం తగిలితే పొద్దున్నే వెళ్ళేది జిల్లా ఆస్పత్రికి కాదు, ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరికి. ఢిల్లీ నుంచి వచ్చే అలర్టులు రాష్ట్రానికి, అక్కడి నుంచి జిల్లాకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి చేరి ఆగిపోతాయి. ఆర్‌ఎంపీకి చట్టప్రకారం వైద్యం చేసే అర్హతే లేదు కాబట్టి ఆయనకు ఏ సర్క్యులరూ వెళ్ళదు. సెలైన్ పెట్టి, ఇంజెక్షన్ ఇచ్చి, రెండు రోజులు చూద్దామంటాడు.